రెండు దేశాలు వద్దంటే మరేం కావాలో చెప్పండి

ఇజ్రాయెల్ - పాలస్తీనా గొడవ గురించి మన ఐటీ జనాల దగ్గర మాటెత్తితే ఒక వింత కనబడుతుంది. ఇజ్రాయెల్ వీరాభిమానులూ, పాలస్తీనా వీరాభిమానులూ ఏ ఒక్క విషయంలోనూ కలవరు గానీ, "రెండు దేశాలు" అనగానే మాత్రం ఇద్దరూ కలిసికట్టుగా నవ్వేస్తారు. "అదెప్పుడో చచ్చిపోయింది బాసూ, ఇంకా ఏ కాలంలో ఉన్నావ్?" అని. సరే, చచ్చిపోయిందనే అనుకుందాం. మరి దాని బదులు ఏం కావాలి నాయనా అంటే ఇద్దరూ నీళ్ళు నములుతారు. ఒకాయన "ముందు ఉగ్రవాదాన్ని అణచెయ్యాలి" అంటాడు, ఇంకొకాయన "ముందు ఆక్రమణ పోవాలి" అంటాడు. ముందు సంగతి సరే, తర్వాత? ఆ తర్వాత గురించే నా పేచీ అంతా.

లెక్క చాలా చిన్నది. జోర్డాన్ నదికీ మధ్యధరా సముద్రానికీ నడుమ ఇవాళ 70 లక్షల పైచిలుకు యూదులున్నారు, 70 లక్షల పైచిలుకు పాలస్తీనా అరబ్బులున్నారు. వీళ్ళలో ఎవరికీ వెళ్ళడానికి ఇంకో చోటు లేదు. ఇలాంటప్పుడు జరగడానికి వీలున్నవి నాలుగే. ఒకళ్ళని ఇంకొకళ్ళు తరిమెయ్యడం, ఒకళ్ళకి ఓటు లేకుండా ఇంకొకళ్ళు ఏలడం, ఇద్దరూ ఒకే దేశంలో సమానంగా ఉండడం, లేదా పంచుకుని రెండు దేశాలుగా ఉండడం. ఐదోది ఎవరికైనా తెలిస్తే చెప్పండి, వినడానికి నేను సిద్ధం. కాబట్టి నాలుగోదాన్ని చూసి నవ్వేవాడు మిగతా మూడిట్లో ఏదో ఒకటి కావాలంటున్నట్టే లెక్క. నోటితో అనకపోయినా సరే.

తరిమెయ్యడం గురించి ఎక్కువ మాట్లాడనక్కర్లేదు. 2025 ఫిబ్రవరిలో ట్రంప్ గాజా జనాన్ని ఈజిప్టుకీ జోర్డాన్‌కీ పంపేసి అక్కడ రిసార్టుల్లాంటివి కడదామన్నాడు, ఆ రెండు దేశాలూ కుదరదన్నాయి. అటువైపు, నది నుంచి సముద్రం దాకా అంతా మాదే అని గొంతు చించుకునేవాళ్ళు యూదులందరూ యూరప్ నుంచి దిగిన పెట్టుబడిదారులన్నట్టు మాట్లాడుతారు. ఇజ్రాయెల్ యూదుల్లో సగానికి దగ్గర మంది ఇరాక్, యెమెన్, మొరాకో లాంటి చోట్ల నుంచి వచ్చినవాళ్ళ పిల్లలూ మనవలూ. వాళ్ళని ఎక్కడికి పంపిస్తారు? బాగ్దాదుకా? 1948లో ఇళ్ళు వదిలి పోయిన 7 లక్షల మంది పాలస్తీనీయుల బాధ నిజం, ఆ తర్వాత అరబ్బు దేశాల నుంచి మూటాముల్లె సర్దుకొచ్చిన యూదుల బాధా నిజం. దీనికి దాన్ని జమాఖర్చు రాసుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఇహ రెండోది. మన వాళ్ళకి అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, ఎందుకంటే ఇందులో టెక్నాలజీ ఉంది. "చూడు గురూ, అంత చిన్న దేశం, ఎలా కంచెలు కట్టుకుందో, ఎలా నిఘా పెట్టుకుందో! మనమూ అలా ఉండాలి." స్టార్టప్ నేషన్ పుస్తకం చదివిన ప్రతివాడూ ఈ మాట అన్నవాడే. ఆ దేశపు ఇంజనీర్ల ప్రతిభ మీద నాకేం అనుమానం లేదు, ఊళ్ళో దారి తెలియకపోతే నేనూ వేజ్ వాడినవాణ్ణే. కానీ ఆ కంచె సంగతే చూద్దాం. గాజా చుట్టూ 65 కిలోమీటర్ల కంచెని 2021 డిసెంబరులో పూర్తి చేశారు. 350 కోట్ల షెకెళ్ళ ఖర్చు. సొరంగాలు తవ్వకుండా భూమి లోపలికి గోడ, దాంట్లో సెన్సర్లు, పైన కెమెరాలు, రాడార్లు, ఎక్కడో గదిలో కూర్చుని పేల్చే తుపాకులు. అంత చేసి, సమస్యని "పరిష్కరించనక్కర్లేదు, మేనేజ్ చేస్తే చాలు" అన్నారు. హమాస్‌ని అటు గాజాలో ఉండనిచ్చి, 2018 నుంచి ఖతార్ డబ్బు సూట్‌కేసుల్లో లోపలికి వెళ్ళనిచ్చి, ఇటు రమల్లాలో అబ్బాస్‌ని డమ్మీ చేసి, ఇద్దరూ కలవకుండా ఉంటే రెండు దేశాల గోలే ఉండదనుకున్నారు. నెతన్యాహు పదిహేనేళ్ళ పాలసీ సారాంశం ఇదే.

2023 అక్టోబర్ 7 పొద్దున్న ఏమైంది? చవక రకం డ్రోన్లతో టవర్ల మీద బాంబులు జారవిడిచారు, కెమెరాలకి కళ్ళు పోయాయి, తుపాకులు మూగబోయాయి, బుల్డోజర్లు పెట్టి కంచె కూల్చి లోపలికొచ్చారు. ఒక్కరోజులో సుమారు 1,200 మందిని చంపారు, 251 మందిని ఎత్తుకుపోయారు. పాటల పండక్కి వెళ్ళిన కుర్రాళ్ళని, వంటింట్లో ఉన్న ముసలమ్మల్ని. అది ప్రతిఘటన అనేవాడితో నాకు మాటల్లేవు. ఆ తర్వాత గాజాలో చనిపోయినవాళ్ళు, అక్కడి ఆరోగ్య శాఖ లెక్క ప్రకారం, 70 వేలు దాటారు. అందులో వేలకు వేలు పిల్లలు. ఊళ్ళకి ఊళ్ళు మట్టిగొట్టుకుపోయాయి. దీన్ని ఆత్మరక్షణ అని ఒక్క ముక్కలో తేల్చేసేవాడితోనూ నాకు మాటల్లేవు. మేనేజ్ చెయ్యడం అంటే ఇదన్నమాట. ఇది వద్దనుకునేవాళ్ళకి కంచె ఇంకో పది అడుగులు పెంచడం పరిష్కారం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

గాజా సంగతి అందరూ చూస్తారు, వెస్ట్‌బ్యాంక్ సంగతి ఎవరికీ పట్టదు. అసలు కిటుకు అక్కడుంది. అక్కడ ఒకే కొండ మీద ఇద్దరు కుర్రాళ్ళు రాళ్ళు విసిరారనుకోండి. ఒకడు సెటిల్మెంటులో ఉండే యూదుల కుర్రాడైతే మామూలు ఇజ్రాయెలీ కోర్టుకి వెళ్తాడు, రెండోవాడు పాలస్తీనా కుర్రాడైతే మిలిటరీ కోర్టుకి వెళ్తాడు. ఒకడికి ఓటుంది, రెండోవాడికి తన మీద పెత్తనం చేసే ప్రభుత్వాన్ని ఎన్నుకునే ఓటు లేదు. 1967 నుంచీ ఇంతే. (సెటిలర్లు అనగానే కూకట్‌పల్లి గుర్తుతెచ్చుకోకండి, అది పూర్తిగా వేరే కథ.) 1995 ఓస్లో రెండో ఒప్పందంలో వెస్ట్‌బ్యాంక్‌ని ఏ, బీ, సీ అని మూడు ముక్కలు చేశారు. అందులో 60 శాతం ఉన్న సీ పూర్తిగా ఇజ్రాయెల్ సైన్యం చేతిలో ఉంటుంది. ఇది ఐదేళ్ళ మధ్యంతర ఏర్పాటు, 1999 మే కల్లా ఫైనల్ అయిపోవాలి. ప్రొడక్షన్‌లో "టెంపరరీ" అని పెట్టిన కోడ్ సంగతి మనకి వేరే చెప్పాలా! ఓస్లో సంతకాలప్పుడు, అంటే 1993లో, తూర్పు జెరూసలేం కాకుండా వెస్ట్‌బ్యాంక్‌లో సెటిలర్లు లక్షా పదివేల మంది. ఇప్పుడు 5 లక్షలు. తూర్పు జెరూసలేంలో ఇంకో 2 లక్షల పైన. బేరం ఆడుతూనే బేరం పెట్టిన స్థలంలో ఇళ్ళు కట్టుకుంటూ పోయారు, మళ్ళీ "స్థలం ఎక్కడుంది ఇవ్వడానికి?" అంటారు. ఐదేళ్ళనుకున్నది ముప్ఫై ఏళ్ళు దాటాక కూడా దాన్ని "తాత్కాలిక ఆక్రమణ" అని పిలవడం నాకైతే చేతకాదు. 2024 జులైలో అంతర్జాతీయ న్యాయస్థానం అది చట్టవిరుద్ధమని అభిప్రాయం చెప్పింది కూడా.

సరే, మూడోది. ఒకే దేశం, అందరికీ సమానంగా ఓటు. వినడానికి ఇంతకంటే అందమైన మాట లేదు. అమెరికాలో ఉండే మన వాళ్ళలో, ముఖ్యంగా యూనివర్సిటీల్లో ఉన్న కుర్రాళ్ళలో, దీనికి గిరాకీ ఎక్కువ. న్యాయంగా చూస్తే వాళ్ళ మాట కాదనలేం. కానీ రాజకీయం కాగితం మీద నడవదు. ఆ దేశానికి సైన్యం ఎవరిది? ఏ యూదుడైనా వచ్చి పౌరసత్వం పుచ్చుకోవచ్చనే చట్టం ఉంటుందా? 59 లక్షల మంది రిజిస్టరైన పాలస్తీనా శరణార్థుల్లో ఎంతమంది వస్తారు? మొదటి ఎన్నికల్లో ఓడిపోయిన జాతి ఇళ్ళకెళ్ళి నిశ్శబ్దంగా పడుకుంటుందా? లెబనాన్‌లో మతానికింతని కుర్చీలు పంచుకుని 1975 నుంచి 1990 దాకా ఒకళ్ళనొకళ్ళు చంపుకున్నారు. అసలు పేచీయే లేని చెక్‌లూ స్లోవాక్‌లూ కూడా కలిసుండలేక 1993లో మర్యాదగా విడిపోయారు. వందేళ్ళుగా చంపుకుంటున్న ఈ రెండు జాతులూ మాత్రం ఒకే పార్లమెంటులో కూర్చుని బడ్జెట్ పాస్ చేస్తాయట.

ఇక్కడ మనకి తెలియాల్సిన ముక్క ఒకటుంది. ఈ ఆలోచనకి ఒకప్పుడు మన ముద్ర ఉండేది. 1947లో ఐక్యరాజ్యసమితి వేసిన పాలస్తీనా కమిటీలో మనకీ సభ్యత్వం ఉంది, మన తరఫున అబ్దుర్ రహమాన్ అనే జడ్జి వెళ్ళారు. మెజారిటీ సభ్యులు విభజన అంటే, ఇండియా, ఇరాన్, యుగోస్లావియా కలిసి ఫెడరల్ దేశం అన్నాయి. 1947 నవంబర్ 29న విభజన తీర్మానానికి మనం వ్యతిరేకంగా ఓటేశాం. ఆ ఏడాదే మనం రెండు ముక్కలయ్యాం, యుగోస్లావియా అయితే ఇప్పుడు మ్యాపులోనే లేదు. కలిసుండండి అని చెప్పిన ముగ్గురిలో ఇద్దరి సొంత అనుభవం అదీ :)

ఇంకో సంగతి. ఒకే దేశం అనేవాళ్ళలో ఎడమవైపు కుర్రాళ్ళే కాదు, ఇజ్రాయెల్ అతివాదులూ ఉన్నారు. ఆర్థిక మంత్రి స్మోత్రిచ్ 2017లోనే తన ప్లాన్ రాసి పెట్టుకున్నాడు. అంతా కలిపేసుకోవాలి, పాలస్తీనీయులు ఇష్టమైతే జాతీయ ఓటు లేకుండా ఉండొచ్చు, లేకపోతే వెళ్ళిపోవచ్చు, తిరగబడితే సైన్యం చూసుకుంటుంది. "రెండు దేశాలు చచ్చిపోయింది" అని మీరు సంబరంగా ప్రకటించినప్పుడు రాబోయే ఒకే దేశం మండేలాది కాదు, స్మోత్రిచ్‌ది. చేతిలో అధికారం ఎవరికుందో వాళ్ళ డిజైనే రిలీజవుతుంది, మంచి డిజైన్ కాదు.

కాబట్టి తిరిగి తిరిగి నాలుగోదాని దగ్గరికే వస్తాం. దీని మీద రెండు పుకార్లున్నాయి. "ఇజ్రాయెల్ ఇస్తానంది, అరబ్బులే ప్రతిసారీ కాదన్నారు" అనేది ఒకటి. "ఇజ్రాయెల్ ఎప్పుడూ నిజంగా ఇవ్వలేదు" అనేది రెండోది. రెండూ సగం సగం. 2000 డిసెంబర్ 23న క్లింటన్ పెట్టిన ప్రతిపాదనలో వెస్ట్‌బ్యాంక్‌లో 94 నుంచి 96 శాతం పాలస్తీనాకి, బదులుగా ఇజ్రాయెల్ భూమి కొంత, జెరూసలేంలో అరబ్బు పేటలు అటూ యూదు పేటలు ఇటూ. రెండు పక్షాలూ ఒప్పుకుంటూనే గొణిగాయి, అరాఫత్ గొణుగుడు కాస్త ఎక్కువ. 2001 జనవరిలో ఈజిప్టులోని తాబాలో ఇంకా దగ్గరకొచ్చారు, ఈలోపు ఎన్నికలొచ్చి షరాన్ గెలిచాడు. 2008 సెప్టెంబరులో ఓల్మర్ట్ అబ్బాస్‌కి ఒక మ్యాప్ చూపించాడు. వెస్ట్‌బ్యాంక్‌లో 6.3 శాతం ఉంచుకుని 5.8 శాతం బదులిస్తానని. మ్యాప్ చేతికివ్వడానికి ఒప్పుకోకపోతే అబ్బాస్ తిరిగొచ్చి గుర్తున్నంత మేర కాగితం మీద గీసుకున్నాడు. అబ్బాస్ తరఫు లెక్క 1.9 శాతం. సంతకం అవ్వలేదు, ఓల్మర్ట్ అప్పటికే అవినీతి కేసుల్లో కూరుకుపోయి రాజీనామా చేస్తానన్నాడు, తర్వాత జైలుకి కూడా వెళ్ళొచ్చాడు.

ఆ రెండు లెక్కలకీ తేడా 4.4 శాతం, అంటే దాదాపు 250 చదరపు కిలోమీటర్లు. హైదరాబాదు నగరపాలక పరిధిలో సగం కూడా కాదు. ఇంత చిన్న తేడాకా ఇన్ని ప్రాణాలు అనిపిస్తుంది. అయితే ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఇక్కడ విస్తీర్ణం కాదు, ఆకారం ముఖ్యం. ఏరియెల్ అనే సెటిల్మెంటు పాత సరిహద్దుకి 15 కిలోమీటర్లకి పైగా లోపల ఉంది. దాన్ని ఉంచుకోవాలంటే దానికి రోడ్డు కావాలి, రోడ్డుకి కాపలా కావాలి, అలా పాలస్తీనా పొట్టలోకి ఒక వేలు పొడుచుకొస్తుంది. శాతాల్లో అది చిన్న అంకె. ఆ వేలికి అటువైపున్న ఊరివాడికి ఇటువైపున్న ఆసుపత్రికి వెళ్ళడం పెద్ద సమస్య. చర్చలన్నీ శాతాల దగ్గర మొదలై ఇలాంటి వేళ్ళ దగ్గర ఆగిపోయాయి.

విశేషమేమిటంటే అదే ఓల్మర్ట్, అరాఫత్ మేనల్లుడు నాసర్ అల్ కిద్వాతో కలిసి 2024లో, యుద్ధం మధ్యలో, మళ్ళీ ఒక ప్లాన్ పెట్టాడు. 4.4 శాతం ఉంచుకుని అంతే భూమి బదులివ్వడం, పాత జెరూసలేం నగరాన్ని ఇజ్రాయెల్, పాలస్తీనా ఉన్న ఐదు దేశాల ట్రస్టీషిప్‌కి అప్పజెప్పడం. దీన్ని మన టీవీల్లో ఎవడైనా చర్చకి పెట్టాడా? పెట్టడు. అరుచుకోవడానికి అందులో ఏమీ లేదు.

"గాజా వదిలేసి వస్తే ఏమైంది? రాకెట్లొచ్చాయి" అంటారు ఇజ్రాయెల్ వాళ్ళు. ఇది గట్టి ప్రశ్నే, దీన్ని దాటేసి శాంతి వచనాలు చెప్పేవాళ్ళంటే నాకు చిరాకు. 2005లో గాజాలో 21 సెటిల్మెంట్లు తీసేసి సుమారు 8 వేల మందిని వెనక్కి తెచ్చారు. 2006లో హమాస్ ఎన్నికల్లో గెలిచింది, 2007 జూన్‌లో గాజాని చేజిక్కించుకుంది. నిజమే. కానీ అది ఒప్పందం మీద వెళ్ళడం కాదు, చెప్పాపెట్టకుండా తాళాలు పారేసి వెళ్ళడం. పోనీ అబ్బాస్ చేతికి పద్ధతిగా అప్పగిస్తే "చర్చలతో సాధించాం" అని ఆయన చెప్పుకునేవాడు, అలా చెయ్యకపోవడం వల్ల "తుపాకీతో సాధించాం" అని హమాస్ చెప్పుకుంది. పైగా ఆకాశం, సముద్రం, సరిహద్దులు ఇజ్రాయెల్ చేతిలోనే ఉండిపోయాయి. 2000లో లెబనాన్ నుంచి కూడా ఇలాగే ఒప్పందం లేకుండా వచ్చేస్తే హిజ్బొల్లా బలిసింది. అదే సంతకం పెట్టి చేసుకున్న ఒప్పందాలు చూడండి. ఈజిప్టుతో 1979, జోర్డాన్‌తో 1994. ఇంతటి గాజా యుద్ధంలో కూడా ఆ రెండూ తెగలేదు. సైన్యం లేని పాలస్తీనా, దాని సరిహద్దుల్లో విదేశీ బలగాలు అనే షరతు అబ్బాస్‌కి కొత్త కాదు, 2014లో తనే నాటో బలగాలు ఎంతకాలమైనా ఉండొచ్చన్నాడు.

పాలస్తీనా వైపు తప్పులు కూడా కుండబద్దలు కొట్టినట్టు చెప్పాలి. ఓస్లో తర్వాత 1994 నుంచి 96 దాకా బస్సుల్లో ఆత్మాహుతి బాంబులు పెట్టి నెతన్యాహుని మొదటిసారి గెలిపించింది హమాసే. (రాబిన్‌ని 1995 నవంబర్ 4న చంపింది యూదుడే అనేది కూడా మర్చిపోకూడదు. ఒప్పందాన్ని చంపడంలో రెండు వైపులా మంచి టీమ్‌వర్క్.) 2002 మార్చిలో అరబ్బు దేశాలన్నీ బేరూత్‌లో కూర్చుని, 1967 సరిహద్దులకి వెళ్తే అందరం ఇజ్రాయెల్‌ని గుర్తిస్తామని తీర్మానం చెయ్యబోతుంటే, ఆ ముందురోజు రాత్రి నెతన్యాలో పండగ భోజనాల దగ్గర బాంబు పేల్చి 30 మందిని చంపారు. తీర్మానం సంగతి ఎవరు పట్టించుకుంటారిహ? అబ్బాస్ 2005 జనవరిలో నాలుగేళ్ళకి ఎన్నికయ్యాడు, మళ్ళీ అధ్యక్ష ఎన్నిక పెట్టలేదు. శరణార్థుల విషయంలో నాయకులు తమ జనానికి నిజం చెప్పలేదు. హైఫాకో జాఫాకో 59 లక్షల మంది తిరిగి వెళ్ళడం జరగదు, నష్టపరిహారం, పాలస్తీనా దేశంలో చోటు, కొద్దిమందికి ఇజ్రాయెల్‌లో ప్రవేశం, అంతే. ఆ బేరూత్ తీర్మానంలోనే శరణార్థులకి "ఒప్పుకున్న" పరిష్కారం అనే మాట ఉంది, అంటే ఇజ్రాయెల్ కూడా ఒప్పుకుంటేనే అని. అరబ్బు రాజులకి అర్థమైన సంగతి శిబిరాల్లో తాళంచెవులు దాచుకున్న ముసలివాళ్ళకి ఎవరూ వెళ్ళి చెప్పలేదు.

మిగిలిన పెద్ద ముడి, సరిహద్దుకి దూరంగా లోపల ఉన్న లక్షకి పైబడిన సెటిలర్లు. గాజాలో 8 వేల మందిని కదపడానికే దేశం అల్లాడిపోయింది. "ఎ లాండ్ ఫర్ ఆల్" అని ఇజ్రాయెలీలూ పాలస్తీనీయులూ కలిసి నడిపే ఒక ఉద్యమం 2012 నుంచి వేరే దారి చెబుతోంది. దేశాలు రెండూ ఉంటాయి, సరిహద్దు తెరిచి ఉంటుంది, అక్కడ ఉండిపోదలచిన సెటిలర్ పాలస్తీనా చట్టం కింద నివాసిగా ఉంటాడు, ఓటు మాత్రం ఇజ్రాయెల్‌లో వేసుకుంటాడు. అటునుంచి ఇటూ అంతే. గ్రీన్ కార్డు మీద బతికేవాళ్ళకి దీన్ని వివరించనక్కర్లేదు. తెరిచిన సరిహద్దు మొదటి రోజు నుంచే అంటే నాకు నమ్మకం లేదు, ఒక్క బాంబు పేలితే మూసేస్తారు. కానీ "ఎవరినీ ఈడ్చెయ్యం, చట్టం మాత్రం మారుతుంది" అనే ముక్క మాత్రం పనికొచ్చేదే.

కాబట్టి పరిష్కారం తెలియక ఆగలేదు, కాదన్నవాడికి ఖర్చు లేక ఆగింది. 2024 జులైలో క్నెసెట్ పాలస్తీనా దేశం వద్దని 68-9తో తీర్మానించింది, ఏమైంది? ఏమీ కాలేదు. 2025 సెప్టెంబరులో బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, ఫ్రాన్స్ పాలస్తీనాని గుర్తించాయి. మంచిదే, కానీ దానికి నెల ముందే ఇజ్రాయెల్ జెరూసలేంకి తూర్పున ఈ-వన్ అనే చోట సుమారు 3,400 ఇళ్ళకి ఆమోదం ఇచ్చేసింది. రమల్లాకీ బెత్లెహేంకీ మధ్య ఉన్న దారి అది. దీనితో పాలస్తీనా దేశం అనే ఆలోచనే సమాధి అవుతుందని స్మోత్రిచ్ దాచుకోకుండా చెప్పాడు. గుర్తింపు పత్రం ఒకవైపు, కాంక్రీటు ఒకవైపు. సెటిల్మెంట్ల సరుకు కొనం, అక్కడ కట్టే కంపెనీలకి మా బ్యాంకుల్లో చోటు లేదు అని ఆ దేశాలు అన్నరోజు ఆ గుర్తింపుకి విలువ.

మనకెందుకయ్యా ఇదంతా అంటారా? మనం 1988లోనే పాలస్తీనాని గుర్తించాం, 1992లో ఇజ్రాయెల్‌తో పూర్తి సంబంధాలు పెట్టుకున్నాం, 2025 సెప్టెంబర్ 12న రెండు దేశాల పరిష్కారాన్ని సమర్థించే తీర్మానానికి ఐక్యరాజ్యసమితిలో అనుకూలంగా ఓటేశాం. అదే సమయంలో, పర్మిట్లు రద్దయిన పాలస్తీనా కూలీల బదులు మన తాపీమేస్త్రీలని వేల మందిని అక్కడికి పంపాం, 2024లో హైదరాబాదులో కూడా ఎంపికలు జరిగాయి. నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి ముసలివాళ్ళని చూసుకునే పనికి అంతకుముందు నుంచే వెళ్తున్నారు. 2024 మార్చిలో లెబనాన్ నుంచి వచ్చిన క్షిపణికి ఒక మలయాళీ పొలం కూలీ చనిపోయాడు. వెళ్ళేవాళ్ళని తప్పుపట్టను, ఇక్కడ దొరకని జీతం అక్కడ దొరుకుతుంది. ఓటేసిన ప్రభుత్వాన్ని అడగాల్సిన ప్రశ్న ఒకటే. మా మేస్త్రీలు సెటిల్మెంట్లలో ఇటుక పెట్టరు అని ఒప్పందంలో ఒక్క వాక్యం రాయించడానికి ఏం అడ్డం?

ఆమోదానికీ గృహప్రవేశానికీ మధ్య ఏళ్ళు పడతాయి. ఈ-వన్ సంగతి ప్రపంచం 1990ల నుంచి చాలాసార్లు ఆపించింది, ప్రతిసారీ ఎవరో ఒక అమెరికా అధ్యక్షుడు ఫోన్ చెయ్యబట్టి ఆగింది. ఇప్పుడు ఆ ఫోన్ చేసేవాడు లేడు. ఆ కొండ మీద 3,400 కుటుంబాలు దిగాక మీరొచ్చి "రెండు దేశాలు చచ్చిపోయింది బాసూ" అంటే నేను వాదించను. అప్పటిదాకా మాత్రం, మిగతా మూడిట్లో మీకు కావలసింది ఏదో పేరు పెట్టి చెప్పండి.